మైనంలో నిలిచిన మేళం: మ్యూజియంలోని వీణను ఎందుకు మోగించకూడదు

రెండేళ్ల కిందట ఒక విదేశీ నగరంలోని మ్యూజియంలో, గాజు పెట్టెలో పడుకోబెట్టిన ఒక వీణ ముందు నేను దాదాపు గంటసేపు నిలబడిపోయాను. కుండ (వీణ గుండ్రని బుర్ర) మీది పలక అంచున సన్నని నెరియ ఒకటి కనిపిస్తోంది. సారణి, అంటే మొదటి తీగ, లేదు. మిగిలిన ఆరు తీగలూ వదులై, మెట్ల (స్వరం కోసం తీగను ఆనించి నొక్కే లోహపు కడ్డీల) మీద ఆనీ ఆనకుండా వేలాడుతున్నాయి. దండికి (వీణ పొడవాటి మెడకు) రెండు పక్కలా పొడవునా కట్టిన నల్లని మైనం ఎండిపోయి అక్కడక్కడా పగిలింది. మేరువు (దండి పై చివర తీగలు ఆనే కట్టు) నుంచి తొమ్మిదో మెట్టు ఒక వైపుకి ఒరిగి ఉంది. అది దక్షిణ భారతదేశపు వీణ అనీ, 19వ శతాబ్దానిదనీ, చెక్క, లోహం, మైనం వాడి చేశారనీ పక్కనున్న చీటీలో రాసి ఉంది. అంతకుమించి ఒక్క మాట కూడా లేదు.

నాతో వచ్చిన మా పిన్ని కూతురు అడిగిన ప్రశ్న, అక్కడికి వచ్చిన తెలుగువాళ్లలో నూటికి తొంభైమంది అడిగేదే. "తీగలు వేసి ఎవరిచేతనైనా వాయింపించి వినిపించవచ్చు కదక్కా, ఇలా నోరు కట్టేసి పడుకోబెట్టడం ఎందుకు?" అంది. పదేళ్ల కిందటైతే నేనూ అదే మాట, ఇంకా గట్టిగా అనేదాన్ని. చిన్నప్పటి నుంచి వీణ వాయిస్తున్న మనిషికి మోగని వీణను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కాని ఇప్పుడు నా అభిప్రాయం పూర్తిగా మారింది. మ్యూజియం చేరిన పాత వీణకు కొత్త మైనం పోయకూడదు, మెట్లు కదపకూడదు, దాని మీద కచేరీ చేయించకూడదు అని నేను నమ్ముతున్నాను. వీణ మీద ప్రేమ తగ్గి ఈ మాట అనడం లేదు. ఆ మైనంలో ఏముందో కాస్త ఆలస్యంగా తెలుసుకున్నాను కనుక అంటున్నాను.

వీణ తెలియనివారి కోసం కొంత వివరంగా చెప్పాలి. మన సరస్వతీ వీణకు ఏడు తీగలు. మెట్ల మీదుగా సాగే నాలుగు, అంటే సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం, రాగం పలికేవి. పక్కన ఉండే మూడు తాళానికీ శ్రుతికీ. మెట్లు ఇరవై నాలుగు, స్థాయికి పన్నెండు చొప్పున. సితారు మెట్లను దండికి దారంతో కడతారు కాబట్టి వాయించేవాడు రాగాన్ని బట్టి వాటిని జరుపుకోవచ్చు. గిటారు మెట్లను చెక్కలోకే దిగగొడతారు కాబట్టి అవి చేసినవాడు పెట్టిన చోటనే ఉంటాయి. వీణ మెట్లు ఈ రెండు రకాల్లోనూ చేరవు. తేనెమైనంలో గుగ్గిలం, బొగ్గుపొడి కలిపి కాచి, దండికి రెండు అంచులా రెండు గట్లు కట్టి, ఆ గట్ల మీద కంచు మెట్లనో ఇత్తడి మెట్లనో నిలబెడతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. మైనం చల్లారి బిగిసిన తరవాత మెట్టు కదలదు. వేడి తగిలితే కదులుతుంది. అందుకే వీణకు కొన్నేళ్లకొకసారి మేళం తిరిగి కట్టించుకోవలసి వస్తుంది.

ఈ పనిని నేను మొదటిసారి దగ్గరగా చూసింది విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో. అక్కడి సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. ఒకే పనస మొద్దు నుంచి కుండనూ దండినీ కలిపి తొలిచే ఏకాండి వీణకు ఆ ఊరు పేరు మోసింది. నేను వెళ్లిన రోజున ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని మేళం కడుతున్నారు. ముందు పన్నెండో మెట్టు దగ్గర తారషడ్జం (పై స), తరవాత ఏడో మెట్టు దగ్గర పంచమం (ప) కుదుర్చుకున్నారు. ఆ పైన ఒక్కొక్క మెట్టు పెట్టి, ఎడమచేతి వేలితో తీగ నొక్కి, కుడిచేత్తో మీటి, తల ఒక పక్కకు వంచి వినేవారు. నచ్చకపోతే కాల్చిన ఇనుప ముక్కను మైనం దగ్గరగా పెట్టి, మెట్టును గోటితో వెంట్రుకవాసి తోసి, మళ్లీ మీటేవారు. అంతర గాంధారం (గ స్వరంలో ఒక రకం) దగ్గర ఆయన పది నిమిషాలకు పైగా ఆగిపోయారు. కొలబద్ద లేదు, యంత్రం లేదు. "దీన్ని లెక్కతో పెడితే పలకదమ్మా, విని పెట్టాలి" అన్నారు.

ఆ మాట వెనక శాస్త్రం ఉంది. మేరువు నుంచి గుర్రం (కుండ మీద తీగలు ఆనే వంతెన) దాకా తీగ పొడవు 80 సెంటీమీటర్లు అనుకుందాం. షడ్జంతో సహజంగా కలిసిపోయే అంతర గాంధారం కావాలంటే తీగలో అయిదింట నాలుగు వంతులు, అంటే 64 సెంటీమీటర్లు మోగాలి. హార్మోనియం మెట్టులోని గాంధారం కావాలంటే సుమారు 63.5 సెంటీమీటర్లు మోగాలి. ఆ రెంటి మధ్య తేడా అయిదు మిల్లీమీటర్లు. చిటికెన వేలి వెడల్పులో సగం కూడా ఉండదు. పైగా తీగను మెట్టుకు ఆనించి నొక్కినప్పుడు బిగువు కొంచెం పెరిగి స్వరం పైకి పోతుంది కనుక, కాగితం మీది లెక్క ప్రకారం పెట్టిన మెట్టు అపస్వరమే పలుకుతుంది. ఒకే మెట్టు మీద మందం వేరువేరుగా ఉన్న నాలుగు తీగలూ ఒప్పుకోవాలి. ఇన్నింటికీ రాజీ కుదిర్చేది ఆ మేళం కట్టే మనిషి చెవి ఒక్కటే. ఆ చెవి తీర్పు నిలిచి ఉండేది మైనంలో.

ఇప్పుడు మ్యూజియం వీణ దగ్గరకు వద్దాం. మన దేశంలో గ్రామఫోను రికార్డింగు మొదలైంది 1902లో. అంతకు ముందు మన వైణికులు (వీణ వాయించేవారు) ఏ గాంధారం పలికించారో, వారి కైశికి నిషాదం (ని) ఎంత ఎత్తులో ఉండేదో వినడానికి మనకు దారి లేదు. గ్రంథాలు ఉన్నాయి, నిజమే. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధిలో వీణ మెట్ల అమరికను వివరించాడు. ఒక్కొక్క రాగానికి మెట్లు మార్చుకోవలసిన ఏకరాగమేళ వీణ గురించీ, అన్ని రాగాలకూ సరిపోయే సర్వరాగమేళ వీణ గురించీ చెప్పాడు. ఆ తరవాత తంజావూరును ఏలిన తెలుగు కవి రఘునాథ నాయకుడి కాలంలో ఇరవై నాలుగు మెట్ల వీణ స్థిరపడిందని మన సంగీత సంప్రదాయం చెబుతుంది. స్థాయికి పన్నెండు మెట్లున్న ఆ దండి లేకపోతే వేంకటమఖి డెబ్బై రెండు మేళకర్తల (మూలరాగాల) ప్రస్తారం ఊహకు అందేది కాదని నా నమ్మకం. కాని ఈ గ్రంథాలన్నీ మెట్టు ఎక్కడ ఉండాలో చెబుతాయి. ఫలానా ఊళ్లో ఫలానా వైణికుడి ముందున్న వీణ మీద అది నిజంగా ఎక్కడ ఉందో చెప్పవు, చెప్పలేవు. ఉండవలసిన చోటుకీ ఉన్న చోటుకీ మధ్యనున్న ఆ కొన్ని మిల్లీమీటర్లలోనే ఒక కాలపు సంగీతం ఉంటుంది. ఆ మిల్లీమీటర్లను ఈనాటికీ పట్టి ఉంచినది, ఎవరూ తిరగతోడని పాత మైనం.

అటువంటి వీణను "బాగు చేసి" మోగించడం అంటే మొదట చేసే పని ఆ మైనాన్ని గీకి పారేయడమే. పగిలిన మైనం మీద మెట్లు తీగ బిగువుకు ఆగవు కాబట్టి వేరే దారి లేదు. ఆపైన ఈనాటి పనివాడు ఈనాటి చెవితోనో, ఫోనులోని శ్రుతి యంత్రంతోనో కొత్త మేళం కడతాడు. తరవాత కచేరీ జరుగుతుంది. రెండు వందల మంది వింటారు, చప్పట్లు కొడతారు. వారు విన్నది 19వ శతాబ్దపు వీణ అనుకుంటారు. నిజానికి విన్నది 19వ శతాబ్దపు పనస చెక్క మీద కట్టిన 21వ శతాబ్దపు మేళం. దాని కోసం ఇంకెక్కడా దొరకని ఒక సాక్ష్యం చెత్తబుట్టలోకి పోయి ఉంటుంది.

మైనం ఒక్కటే కాదు, లోహం కూడా మాట్లాడుతుంది. మన వీణలో గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) చాలావరకు తీగను మెట్టు మీద పక్కకు లాగడంలో ఉంది. ఏళ్ల తరబడి అలా లాగితే మెట్టు పైభాగాన గాడి పడుతుంది. ఏ మెట్టు మీద గాడి లోతుగా ఉందో, ఎంత వెడల్పున సాగిందో చూస్తే, ఆ చేయి ఏ స్వరం మీద ఎక్కువ నిలిచిందో, ఎంత దూరం లాగేదో అర్థమవుతుంది. తోడి గాంధారాన్ని కింది మెట్టు మీద నుంచి లాగి ఊపితే పడే ఒరిపిడి ఒక రకం. మోహనలో గాంధారాన్ని నిలిపి మీటితే పడే గాడి ఇంకొక రకం. ఆ గాజు పెట్టెలోని వీణ మీద కింది స్థాయి మెట్లకు, లైటు పడ్డ కోణం మార్చి చూస్తే, మధ్యలో మెరుగు ఒక వేలెడు మేర సాగి కనిపించింది. పై స్థాయి మెట్లు దాదాపు కొత్తగా ఉన్నాయి. ఎవరో ఒక మనిషి దాన్ని ఏళ్ల తరబడి వాయించారు. ఆ మనిషి పేరు చీటీలో లేదు, ఎవరికీ తెలియకపోవచ్చు కూడా. చేయి మాత్రం అక్కడే ఉంది. మేళం తిరిగి కట్టే పనివాడు మంచివాడే అయినా, మొదట ఆకురాయితో ఆ గాళ్లను చదును చేస్తాడు. చేయకపోతే తీగ జరజరమంటుంది కనుక.

గుర్రం సంగతి కూడా ఇంతే. వీణ గుర్రం మీది లోహపు రేకు బల్లపరుపుగా ఉండదు, సన్నని వంపు తిరిగి ఉంటుంది. మోగుతున్న తీగ ఆ వంపును తాకుతూ విడుస్తూ ఉంటుంది. 1921లో సి.వి. రామన్ వీణ, తంబురాల గుర్రాలను పరిశీలించి, పాశ్చాత్య వాద్యాలలో నియమం ప్రకారం వినబడకూడని ఉపస్వరాలు (అసలు స్వరంతో పాటు సన్నగా మోగే పై స్వరాలు) ఈ వంపు వల్ల మన వాద్యాలలో వినబడుతున్నాయని చూపించాడు. వీణ నాదానికి ఆ నిండుతనం రావడంలో ఆ రేకు వంపుకు ఎంతో పాత్ర ఉంది. కొత్త తీగ వేసినప్పుడల్లా ఆ రేకును అరగదీసి సరిచేయడం వాయించేవాళ్లకు మామూలు పని. పాత వీణ మీద ఆ పని చేస్తే ఒక కాలం మెచ్చిన నాదం ఆకృతే చెరిగిపోతుంది.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. మైనం వేసవికి మెత్తబడుతుంది కదా, నూరేళ్లలో అది ఎన్ని ఎండాకాలాలు చూసి ఉంటుంది, ఓడలో ఎన్ని నెలలు ప్రయాణం చేసి ఉంటుంది, ఆ మెట్లు మొదట పెట్టిన చోటే ఉన్నాయని నమ్మకమేమిటి అని ఒక వైణిక మిత్రుడు నన్ను నిలదీశారు. ఆయన అన్నది సబబే. తేనెమైనం కరగడానికి 60 డిగ్రీలు దాటాలి గాని, మెత్తబడడానికి మన రోహిణీకార్తె చాలు. నేను చూసిన వీణలో తొమ్మిదో మెట్టు ఒరిగిందని చెప్పాను కదా, దాని సాక్ష్యం చెల్లదు. కాని ఒరిగిన మెట్టు ఒరిగినట్టు తెలుస్తుంది. మైనం జారితే జారిన గుర్తు, మెట్టు కదిలితే వెనక వదిలిన గుంట, మధ్యలో ఎవరైనా అతుకు వేస్తే రంగులో తేడా, వీటన్నిటినీ చూడగల కన్ను ఉంటే చూడవచ్చు. పాత దస్తావేజులో నాలుగు పంక్తులు చెదలు తిన్నాయని మిగిలిన ముప్ఫై పంక్తులను కొత్త సిరాతో తిరగరాస్తామా? మైనం సాక్ష్యం పాక్షికమే. దాన్ని గీకేశాక ఆ పాక్షికమూ మిగలదు.

నాకు ఈ సంగతి పుస్తకాల వల్ల తెలిసి ఉంటే బాగుండేది. మా అమ్మమ్మ వీణ వల్ల తెలిసింది. ఆవిడకు పెళ్లిలో పుట్టింటివారు ఇచ్చిన వీణ అది; ఆవిడ పోయిన తరవాత పన్నెండేళ్లు అటక మీద దుప్పటిలో ఉంది. అది నా చేతికి వచ్చినప్పుడు నా మనసంతా ఒకటే కోరిక, వెంటనే మోగించాలని. నగరంలో ఒక మరమ్మతు దుకాణానికి ఇచ్చాను. పని తెలిసినవాళ్లే, చెడ్డవాళ్లు కారు. ఇరవై రోజుల తరవాత వీణ తళతళలాడుతూ తిరిగి వచ్చింది: కొత్త మైనం, కొత్త మెట్లు, దండి చివరి యాళి బొమ్మ ముఖానికి కొత్త రంగు, అంచుల వెంట ఉన్న పాత కొమ్ము నగిషీ తీసేసి దాని చోట తెల్లని ప్లాస్టిక్ రేకు. శ్రుతి చక్కగా కుదిరింది. ఆ సాయంత్రం మోహనలో వర్ణం వాయిస్తుంటే పక్క గదిలోంచి అమ్మ వచ్చి కాసేపు విని, "బాగుందే, కాని ఇది అమ్మ వీణలా లేదు" అంది. చెక్క అదే, కుండ అదే. ఏం మారిందో ఆవిడ చెప్పలేకపోయింది, నేనూ చెప్పలేకపోయాను. చెప్పడానికి కావలసిన ఆధారాన్ని నేనే డబ్బిచ్చి తీయించేశాను. పాత మేళం కొలతలు తీసుకుని ఉంటే, ఒక్క టేపు పట్టుకుని మేరువు నుంచి ఒక్కొక్క మెట్టు దూరం కాగితం మీద రాసుకుని ఉంటే, అమ్మ చెవికి తట్టిన తేడా ఎన్ని మిల్లీమీటర్లో ఈరోజు నాకు తెలిసి ఉండేది.

ఇంట్లో ఉన్న వీణను వాయించడం తప్పు కాదు; అది వాయించడానికే ఉంది, కొలతలు రాసుకుని వాయించాలి, అంతే. మ్యూజియం వీణ స్థితి వేరు. వాద్యమంటే మోగాలి, మోగని వాద్యం చచ్చినట్టే అనేవారికి నేనొక సంగతి గుర్తు చేస్తాను. దసరాల్లో మూలా నక్షత్రం నాడు మా ఇంట్లో వీణను పీట మీద పెట్టి, పసుపు కుంకుమ పెట్టి, పూజలో ఉంచుతాము. మళ్లీ విజయదశమి దాకా ఎవరూ తీగ ముట్టుకోరు. ఏడాదంతా రోజూ వాయించే చేతులకు ఆ కొద్ది రోజులూ కష్టమే. ఆ రోజుల్లో వీణ చచ్చిందని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ముట్టుకోకుండా ఉండడం కూడా వాద్యాన్ని గౌరవించే పద్ధతేనని మన ఇళ్లకు ముందే తెలుసు.

పైగా నష్టం మైనంతో ఆగదు. ఏడు తీగలు బిగించగానే ఆ లాగుడంతా దండి మీద పడుతుంది. అతుకులున్న వీణ అయితే దండి కుండతో కలిసే చోట పట్టు వదులుతుంది. ఏళ్ల తరబడి విశ్రాంతిగా ఉన్న ఎండు చెక్క ఒక్కసారిగా వంగవచ్చు, పలక పగలవచ్చు. సంగీత వాద్యాల మ్యూజియంల కోసం 1960లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘం 1985లోనే, సేకరణల్లోని వాద్యాలను ఎవరు, ఎంతవరకు ముట్టుకోవచ్చు అన్న విషయమై సూచనలు ప్రకటించింది. యూరపు వాద్యాల విషయంలో ఈ వివేకం చాలాచోట్ల అమలవుతోంది. పాత వాద్యాన్ని కదపకుండా కొలిచి, దాని ప్రకారం నకలు చేయించి, ఆ నకలును కచేరీలో వాయిస్తారు. మన వీణకు ఆ మర్యాద ఎందుకు దక్కకూడదు?

ఇక్కడే నా అసలు అభ్యర్థన. మ్యూజియం వీణను మోగించవద్దు. దాని నకలు చేయించండి, ఆ నకలును మోగించండి. ఆ నకలు చేయవలసినవారు గొల్లపల్లి, తంజావూరు వంటి చోట్ల ఈనాటికీ ఉన్న వీణ పనివారు. ముందు వారిని పిలిచి పాత వీణను చూపించాలి. క్యూరేటరు చూడలేనివి వారు చూస్తారు. ఉదాహరణకు, ఒక వీణ ఏకాండిదా, అతుకులదా అన్నది కేటలాగు చూస్తే తరచుగా తెలియదు. అతుకు మీద నగిషీ పట్టీ కప్పి ఉంటుంది కనుక ఫొటో చూసి చెప్పడమూ కష్టం. పనివాడైతే కుండ వెనక భాగం మీద చేయి వేసి, చెక్క నారు కుండ నుంచి దండిలోకి తెగకుండా సాగిందా లేదా అని చూసి ఒక్క నిమిషంలో చెబుతాడు. లోపలి ఉలి దెబ్బలను బట్టి, కుండ గోడ మందాన్ని బట్టి అది ఏ ప్రాంతపు పనో కూడా అతను చెప్పగలిగిన సందర్భాలు ఉంటాయి. "దక్షిణ భారతదేశం" అన్న రెండు మాటల కింద బొబ్బిలి, తంజావూరు, మైసూరు అన్నీ ఒకే గంపలో పడిపోతున్నాయి. మన పేర్లు, కుండ, దండి, మేరువు, గుర్రం, లంగరు, బిరడా, నాగపాశం, ఇవి కేటలాగులో ఉండాలి. ఒక వస్తువును చేసినవారి మాటల్లో పిలవలేని చీటీ అసంపూర్ణమైనదే.

ఇలా నకళ్లు చేయించడంలో ఇంకొక మేలు ఉంది, అది నాకు మొదటి దానికంటే తక్కువైనది కాదు. గొల్లపల్లిలో ఈరోజు ఇల్లు గడిపేది, సభల్లో అతిథులకు శాలువాతో పాటు చేతిలో పెట్టే బొమ్మ వీణల మీద. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, సంతోషమే. కాని సుమారు నెల రోజులు పట్టే పెద్ద వీణకు గిరాకీ లేకపోతే, కుండ ఎంత మందాన తొలవాలో, మేళం ఎలా కట్టాలో తెలిసిన చేతులు ఆ తరంతోనే ఆగిపోతాయి. బొమ్మ వీణలు చేసినంత మాత్రాన మేళం కట్టడం ఎవరికీ రాదు, వాటికి ఆ అవసరమూ లేదు. ఒక్కొక్క మ్యూజియం తన దగ్గరున్న ఒక్కొక్క పాత వీణకు ఒక్కొక్క నకలు చేయించుకున్నా, ఆ అరుగు మీద కూర్చున్న పెద్దాయన పక్కన ఒక కుర్రవాడు కూర్చోవడానికి కారణం దొరుకుతుంది.

అన్ని పాత వీణలూ ఒకే రకం సాక్ష్యం కావన్న సంగతి కూడా చెప్పాలి. కలకత్తాకు చెందిన రాజా శౌరీంద్రమోహన్ ఠాగూర్ 1876లో బెల్జియం రాజుకు సుమారు నూరు భారతీయ వాద్యాలను కానుకగా పంపారు. బ్రస్సెల్స్‌లోని వాద్యాల మ్యూజియం 1877లో ఏర్పడడానికి ఆ కానుక ఒక మూలం. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలోని వాద్యాల సేకరణకు 1889లో మేరీ ఎలిజబెత్ బ్రౌన్ ఇచ్చిన కానుక పునాది. కానుక కోసమే చేయించిన వాద్యమైతే దాని మెట్ల మీద ఒరిపిడి ఉండదు, అది చేసినవాడి చేయిని చూపుతుంది గాని వాయించినవాడి చేయిని చూపదు. ఒక ఇంట్లోంచో ఒక సంస్థానంలోంచో వచ్చిన వీణ రెంటినీ చూపుతుంది. మన దేశంలో మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలోని వాద్యాలకు ప్రొఫెసర్ పి. సాంబమూర్తి పట్టిక రాసిపెట్టారు. సంగీతం తెలిసిన మనిషి మ్యూజియం వస్తువును చూస్తే ఎంత మేలో అటువంటి పని చెబుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పాత సంస్థానాల ఇళ్లలోనూ, వైణికుల వారసుల అటకల మీదా ఉన్న వీణలకు ఇప్పుడు అటువంటి పట్టిక కావాలి. తుమరాడ సంగమేశ్వర శాస్త్రి, వీణ వేంకటరమణ దాసు, ఈమని శంకరశాస్త్రి, చిట్టిబాబు వంటి వైణికులు పుట్టిన నేల ఇది. వాయించిన వీణలు ఇక్కడ ఇంకా ఎన్నో ఇళ్లలో ఉంటాయి. అవి మ్యూజియానికి చేరకముందే, మరమ్మతు దుకాణానికి వెళ్లకముందే, ఎవరో ఒకరు టేపు పట్టుకుని వెళ్లాలి.

కిన్నెర విషయంలో మాత్రం నా వాదన ఇలా ఉండదు. వెదురు దండి, ఆనపకాయ బుర్రలు, అక్కడా మైనం మీద నిలిచే మెట్లు. వీణకు అది దగ్గరి చుట్టమే. కాని కిన్నెరను చేసేవాడూ, వాయించేవాడూ, దానితో పాటు కథ పాడేవాడూ ఒక్కడే. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చేదాకా ఆ పేరే వినని తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు. అక్కడ ముందుగా కరిగిపోతున్నది పాడే గొంతు. కాబట్టి కిన్నెరను తెచ్చుకున్న మ్యూజియం, దాన్ని తెచ్చిన మనిషికి జీతమిచ్చి, ఏడాదికి కొన్ని రోజులైనా కూర్చోబెట్టి పాడించుకోవాలి, కొత్త కిన్నెరలు చేయించుకోవాలి. వీణ స్వరం ఎలా ఉండాలో చెప్పడానికి గ్రంథాలున్నాయి, కళాశాలలున్నాయి, వేలమంది విద్యార్థులున్నారు. కిన్నెరకు అవేవీ లేవు. ఏ వాద్యం దగ్గర ఏది పోతోందో చూసి దాన్ని కాపాడాలి గాని, అన్నిటికీ ఒకే గాజు పెట్టె, ఒకే సూత్రం పనికిరావు.

ఆ విదేశీ మ్యూజియానికి నేను ఉత్తరం రాశాను. తొమ్మిదో మెట్టు ఒరిగిందని, దాన్ని నిలబెట్టే ప్రయత్నం చేయవద్దని, కుదిరితే ఇరవై నాలుగు మెట్ల దూరాలూ, మెట్ల మీది గాళ్ల లోతులూ కొలిపించి అందరికీ అందుబాటులో ఉంచమని, వీణ భాగాల పేర్లు తెలుగులో నేను రాసి పంపుతానని రాశాను. మర్యాదగా జవాబు వచ్చింది; పరిశీలిస్తామన్నారు. వచ్చే ఏడాది మళ్లీ వెళ్లినప్పుడు అడుగుతాను.

మా అమ్మమ్మ వీణ తిరిగి ఇచ్చేటప్పుడు దుకాణంవారు పాత మెట్లను ఒక న్యూస్‌పేపరులో చుట్టి, "కంచువి కదా, పారేయడానికి మనసొప్పలేదు" అంటూ చేతిలో పెట్టారు. ఇరవై నాలుగూ ఉన్నాయి. ఏది ఎక్కడ ఉండేదో రాసి పెట్టలేదు. ఊడదీసి కుప్పగా పోశారు, అంతే. వాటిని బల్ల మీద పరిచి, గాడి లోతును బట్టి వరస పేర్చడానికి నేను చాలా రాత్రులు ప్రయత్నించాను. ఒకదాని మీద గాడి మిగిలిన వాటన్నిటికంటే లోతుగా, పక్కకు బాగా సాగి ఉంది. గోరు పెడితే ఆగుతుంది. అమ్మమ్మ సాయంత్రాలు తోడి వాయించేదని అమ్మ చెబుతుంది కనుక అది రెండో మెట్టు అయి ఉంటుందని నేను అనుకుంటున్నాను. ఆ మెట్టును విడిగా ఒక గుడ్డలో కట్టి, వీణ పక్కనే ఉంచాను.